సొంత స్థలంలో ఇల్లు, కాంట్రాక్టర్ చేతిలో పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ప్లాను ఒక్కటే. ముగ్గురు కాంట్రాక్టర్లకు చూపిస్తే ముగ్గురూ చదరపు అడుగుకు మూడు రేట్లు చెప్పారు. అందరికంటే ఎక్కువ చెప్పిన రేటుకీ, తక్కువ చెప్పిన రేటుకీ నూటికి ఇరవై దాకా తేడా ఉంది. తక్కువ చెప్పినాయనకే ఇచ్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. ముందు ఆ ముగ్గురూ చెబుతున్న చదరపు అడుగు ఒకటేనా అన్నది తేల్చుకోండి. ఒకరు గోడల బయటి అంచులు పట్టి కొలిచిన ఏరియా మీద రేటు చెబుతారు. ఇంకొకరు స్లాబ్ ఏరియా మీద చెబుతారు. అందులో బాల్కనీ, పోర్టికో, మెట్ల మీది కప్పు, ఒక్కోసారి సజ్జలు కూడా కలిసిపోతాయి. మీ ఇల్లు గోడల లెక్కన 1,200 చదరపు అడుగులు, స్లాబ్ లెక్కన 1,450 అనుకోండి. స్లాబ్ మీద 100 చెప్పినాయన మొత్తం 1,45,000 అవుతుంది. గోడల ఏరియా మీద 120 చెప్పినాయన మొత్తం 1,44,000. పైకి ఇరవై తేడా కనిపించినా, చివరికి తక్కువ రేటే కాస్త ఎక్కువ పడింది.

రెండోది, ఆ రేటులో ఏమేం లేవో అడగండి. ఏమేం ఉన్నాయో వాళ్లే చెబుతారు, లేనివి మనమే అడగాలి. పునాదిలో మట్టి నింపడం, నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంక్, కాంపౌండ్ వాల్, పిట్టగోడ, మెట్ల రెయిలింగ్, కిటికీ గ్రిల్స్, అటకలు, కట్టుబడికి కావలసిన నీళ్లు, కరెంటు: వీటిలో సగం బయటపెట్టి రేటు తగ్గించి చూపడం చాలా సులువు. అన్నిటికంటే పెద్ద గొడవ పునాది లోతు దగ్గర వస్తుంది. ‘5 అడుగుల వరకు’ అని కొటేషన్‌లో చిన్నగా రాసి ఉంటుంది. గట్టి నేల 7 అడుగుల దగ్గర తగిలితే మిగతా రెండు అడుగులకు ఆయన చెప్పిందే రేటు. కాబట్టి కొటేషన్ అడగడానికి ముందే స్థలంలో రెండు మూడు చోట్ల గుంతలు తవ్వించి, నేలను మీ ఇంజినీర్‌కు చూపించండి. అదనపు లోతుకు అడుగుకు ఎంత అన్నది ముందే రాయించుకోండి.

అసలు సరైన పద్ధతి ఏమిటంటే, మీ తరఫు ఇంజినీర్ చేత పనుల జాబితా తయారు చేయించడం. ఏ పని, ఎంత పరిమాణం, ఏ సామాను అన్నది అందులో ఉండాలి. ఆ ఒకే కాగితం ముగ్గురికీ ఇచ్చి రేట్లు నింపమనండి. ‘మంచి కంపెనీ సిమెంట్’, ‘నాణ్యమైన టైల్స్’ అనే మాటలకు అర్థం లేదు. సిమెంట్ రకం, కడ్డీ గ్రేడు, తలుపు చట్రం చెక్క, దాని మందం, వైరు సైజు, పైపు రకం, టైల్స్‌కి చదరపు అడుగుకు ఎంత ఖరీదు వరకు అన్నది స్పష్టంగా ఉండాలి. ఆ జాబితాకు ఇచ్చే ఫీజు దండగ అనుకునేవాళ్లున్నారు. మా దృష్టిలో ఇంటి మొత్తం ఖర్చులో అంతకంటే సద్వినియోగమయ్యే డబ్బు లేదు.

కాంట్రాక్టర్ ఈమధ్య కట్టిన ఇంటితో పాటు, కట్టి మూడు నాలుగేళ్లయిన ఇల్లు కూడా వెళ్లి చూడండి. కొత్త రంగు కింద అన్నీ బాగానే ఉంటాయి. బాత్రూమ్ గోడకు అవతలి వైపు, స్లాబ్ అడుగు, కిటికీ మూలలు నాలుగు వానాకాలాల తర్వాత చూస్తేనే పనితనం తెలుస్తుంది. ఆ ఇంటివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: పని పూర్తయ్యాక ఫోన్ చేస్తే వచ్చారా?

ప్రశ్న: లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా? ఏది మేలు?

జవాబు: రోజూ సైటు దగ్గర ఉండగలిగితే, సామాను ఎప్పుడు ఎంత కావాలో ముందే చూసుకోగలిగితే లేబర్ కాంట్రాక్టులో నాణ్యత మీ చేతిలో ఉంటుంది. కానీ ఇసుక రాక కూలీలు ఖాళీగా కూర్చున్న రోజు నష్టం మీదే. సామాను వృథా అయినా మీదే. పైగా లేబర్ మేస్త్రికి పని త్వరగా అవ్వడమే లాభం కాబట్టి సిమెంట్ ఎంత ఖర్చయినా ఆయనకు పట్టదు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఒకసారి వెళ్లగలిగేవారికి మెటీరియల్‌తో సహా ఇవ్వడమే నయం. అయితే అప్పుడు సామాను తగ్గించడంలో కాంట్రాక్టర్‌కు లాభం ఉంటుంది. అందుకని తనిఖీకి మీరు డబ్బిచ్చి పెట్టుకున్న ఇంజినీర్ ఉండాలి, కాంట్రాక్టర్ తెచ్చిన మనిషి కాదు. మధ్యేమార్గం ఒకటుంది. స్టీల్, సిమెంట్ మీరు కొనిస్తారు, మిగతాదంతా ఆయనది. ఈ పద్ధతిలో ఒప్పందంలో ‘ఫలానా పనికి ఇన్ని బస్తాలు, ఇన్ని కిలోలు, వృథా నూటికి మూడు నాలుగు మించితే కాంట్రాక్టర్ భరించాలి’ అని రాసుకోవాలి.

ప్రశ్న: పని మొదలుపెట్టడానికే మొత్తంలో 30 శాతం అడ్వాన్సు కావాలంటున్నారు. ‘అందరూ ఇస్తారు’ అంటున్నారు. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి. కట్టుబడిలో డబ్బెప్పుడూ పని వెనకే నడవాలి. జరిగిన పని కంటే ఇచ్చిన డబ్బు ఎక్కువైన రోజు నుంచి మీ మాటకు విలువ ఉండదు. మీ అడ్వాన్సుతో ఇంకో సైటులో కూలీలకు వారం కూలి ఇస్తే, మీ సైటు ఆగుతుంది. చాలా ఇళ్లు మధ్యలో నిలిచిపోయే దారి ఇదే.

మెటీరియల్‌తో సహా ఒక అంతస్తు ఇంటికి మేం సూచించే పద్ధతి ఇది: సైటు సిద్ధం చేసుకోవడానికి 5 శాతం, ఫుటింగులు (పిల్లర్ల కింది పునాది దిమ్మలు), ప్లింత్ బీమ్ (నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే దూలం) పూర్తయి మట్టి నింపాక 15, పిల్లర్లు, స్లాబ్ అయ్యాక 25, గోడలకు 12, గోడల్లో పైపులు, వైరింగ్ గొట్టాలు, లోపలా బయటా ప్లాస్టరింగ్ అయ్యాక 15, ఫ్లోరింగ్, తలుపులు, కిటికీలకు 13, రంగులు, ఫిట్టింగులు అయి ఇల్లు అప్పగించినప్పుడు 10, మిగిలిన 5 ఏడాది తర్వాత. ఈ అంకెలు మీ ప్లానును బట్టి అటూ ఇటూ అవుతాయి, సూత్రం మాత్రం మారకూడదు.

ప్రతి వాయిదా ఏ మాటతో మొదలవుతుందో చూడండి. ‘స్లాబ్ పని ప్రారంభంలో 25 శాతం’ అని రాసిన కాగితాలు తరచూ కనిపిస్తాయి. ప్రారంభం అంటే నాలుగు సెంట్రింగ్ షీట్లు (కాంక్రీటు పోయడానికి కింద అమర్చే తాత్కాలిక పలకలు) దింపినా ప్రారంభమే. ‘సెంట్రింగ్ విప్పి, ఇంజినీర్ అడుగు భాగం చూసి సంతకం చేశాక’ అని మార్పించండి. కాంట్రాక్టర్‌కు అంతవరకు పెట్టుబడి కష్టమైతే, ఆ ఒక్క వాయిదానే రెండు చేయండి: పోత రోజు 15, సెంట్రింగ్ విప్పాక 10. నిజాయతీగా పనిచేసే కాంట్రాక్టర్ దీనికి ఒప్పుకుంటారు. ఆయన దగ్గరా కొండంత డబ్బు ఉండదు కనుక, మీరు కూడా సంతకం అయిన మూడు రోజుల్లో చెల్లిస్తామని రాసివ్వండి. చెల్లింపు ఆలస్యమైనా పని చెడుతుంది.

ప్రశ్న: స్టీల్, సిమెంట్, ఇసుక సరిగా వచ్చాయో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

జవాబు: స్టీల్‌కు చిన్న లెక్క ఉంది. కడ్డీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ. కడ్డీ అయితే 144ను 162తో భాగిస్తే 0.89 కిలో. 12 మీటర్ల కడ్డీ ఒక్కటి 10.7 కిలోలు తూగాలి. అదే పొడవు 8 మి.మీ. అయితే 4.7, 10 మి.మీ. 7.4, 16 మి.మీ. 19 కిలోలు. లోడు వచ్చినప్పుడు ఒక్కో సైజులో పది కడ్డీలు విడిగా తూయించండి. నూటికి నాలుగైదు తేడా సహజమే. పది దాకా తగ్గితే ఆ కడ్డీ చెప్పిన మందం లేదని అర్థం. కాంటా చీటీ ఒక్కటే సరిపోదు, కడ్డీలు లెక్కపెట్టాలి.

సిమెంట్ బస్తా మీద తయారైన వారం లేదా తేదీ ఉంటుంది. మూడు నెలలు దాటినది పిల్లర్లకు, స్లాబ్‌కు వద్దు. గోడకు అడుగు దూరంలో, నేలకు అర అడుగు ఎత్తున చెక్కల మీద, పది బస్తాల ఎత్తుకు మించకుండా పేర్చాలి. బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి నలపండి. వేళ్లతో చిదమలేని గడ్డలుంటే తిప్పి పంపేయండి.

ఇసుకలో మట్టి ఎంతో చూడటానికి ఒక పారదర్శకమైన సీసా చాలు. 100 మి.మీ. ఎత్తు ఇసుక పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద మెత్తని పొర వేరుగా తేరుతుంది. అది 8 మి.మీ. మించితే ఆ ఇసుక కాంక్రీటుకు పనికిరాదు. మరో సంగతి, కొద్దిగా తడిసిన ఇసుక పొంగుతుంది, పావు వంతు దాకా ఎక్కువ కనిపిస్తుంది. లారీ కొలతతో కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: వచ్చే వారం మా స్లాబ్. ఆ రోజు మేం అక్కడ ఉండి ఏం చూడాలి?

జవాబు: ఆ రోజు కంటే ముందు రోజు ముఖ్యం. కాంక్రీటు పడ్డాక ఏదీ కనబడదు, ఏదీ సరిచేయలేరు. ముందు రోజు సాయంత్రం డ్రాయింగ్, టేపు తీసుకుని వెళ్లండి.

మొదట సెంట్రింగ్ కింద నిలబడి పైకి చూడండి. షీట్ల సందుల్లోంచి వెలుగు సన్నని గీతలా కనబడిన చోటల్లా రేపు సిమెంట్ పాలు కారిపోయి, అక్కడ కంకర బయటపడుతుంది. ఆ సందులన్నీ టేపుతోనో మరోలాగో మూయించండి. సపోర్టులు మట్టి మీద ఉంటే ఒక్కొక్కదాని కింద పలక ఉండాలి. ఇటుకల మీద ఇటుకలు పేర్చి నిలబెట్టిన సపోర్టు బరువు పడగానే జారుతుంది.

తర్వాత పైకెక్కండి. రెండు కడ్డీల మధ్య ఖాళీ ఒక్కటి కొలిస్తే ఏమీ తెలియదు, పది ఖాళీలు కలిపి కొలవండి. డ్రాయింగ్‌లో 5 అంగుళాలుంటే టేపు 50 చూపాలి. 60 చూపితే ఆరింట ఒక కడ్డీ ఎగిరిపోయినట్టే. కడ్డీలకూ షీటుకూ మధ్య స్లాబ్‌లో 20 మి.మీ., బీములో 25 నుంచి 30 ఎడం ఉండాలి. పిల్లర్లకు 40, పునాదిలో 50. దానికి కవర్ బ్లాకులే (కడ్డీని ఎత్తి పట్టే చిన్న సిమెంట్ దిమ్మలు) వాడాలి. కంకర రాళ్లు, చెక్క ముక్కలు వైబ్రేటర్ (కాంక్రీటును కుదిపి సర్దే యంత్రం) తిరగగానే జారిపోతాయి. కడ్డీ షీటుకు ఆనిపోతుంది, కొన్నేళ్లకు అక్కడే తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. కడ్డీ మీద కడ్డీ కలిపిన చోట అతుకు పొడవు కడ్డీ మందానికి 50 రెట్లు, అంటే 12 మి.మీ. కడ్డీకి 2 అడుగులు ఉండాలి. అన్ని అతుకులూ ఒకే వరసలో రాకూడదు. బీము రింగుల కొనలు లోపలికి బాగా వంగి ఉండాలి. లంబకోణంలో వంచి వదిలేస్తే భూకంపంలో విప్పుకుంటాయి.

బాల్కనీ దగ్గర ఎక్కువసేపు నిలబడండి. ఈ జాబులో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. గదిలో స్లాబ్‌కు ముఖ్యమైన కడ్డీలు అడుగున ఉంటాయి, బాల్కనీలో పైన ఉంటాయి. ఎందుకంటే బయటకు చాచిన స్లాబ్ పై భాగంలోనే లాగుడు పడుతుంది. పోత రోజు కూలీలు తట్టలతో నడిచి ఆ పై కడ్డీలను తొక్కి కిందికి దించేస్తారు. చూడటానికి కడ్డీలన్నీ ఉన్నట్టే ఉంటాయి, పని మాత్రం చెయ్యవు. ఆ బాల్కనీ సెంట్రింగ్ తీసిన నాడో, తర్వాత ఎప్పుడో కిందికి వాలుతుంది, కూలిపోనూవచ్చు. పై కడ్డీల కింద అడుగున్నరకు ఒకటి చొప్పున కుర్చీలు, అంటే వంచిన కడ్డీ ముక్కలు కట్టించండి. నడవడానికి పలకలు పరిపించండి. కాంక్రీటు ఆ మూలకు వచ్చినప్పుడు మీరో, ఇంజినీరో అక్కడే ఉండండి.

పోత రోజు సంగతి. ఇంజినీర్ వేరే చెప్పకపోతే మామూలు ఇంటి స్లాబ్‌కు సిమెంట్, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లు, దీన్నే ఎమ్20 అంటారు. 12 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 లోతున్న పెట్టె ఒకటి చేయించండి. అది ఒక బస్తా సిమెంట్ పరిమాణం. బస్తాకు పెట్టెన్నర ఇసుక, మూడు పెట్టెల కంకర. తట్టలతో కొలిస్తే ఉదయం పాళ్లు మధ్యాహ్నానికి మారిపోతాయి.

నీళ్లు బస్తాకు 25 నుంచి 27 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మిక్సర్ దగ్గర డ్రమ్ములోంచి బకెట్ ముంచి అలవాటుగా గుమ్మరించే మనిషిని గమనించండి. 25 లీటర్ల చోట పది లీటర్ల బకెట్ ఒకటి ఎక్కువ పడితే సిమెంట్ బరువుతో పోలిస్తే నీటి వాటా సగం నుంచి 0.7 వంతుకు పెరుగుతుంది, కాంక్రీటు బలం బాగా పడిపోతుంది. పలచగా ఉంటే పారతో లాగడం వాళ్లకు తేలిక. ఆ తేలిక కోసమే స్లాబులు కారుతున్నాయి. పని సాగడం కష్టంగా ఉందంటే నీళ్లు పోయకుండా, ఇంజినీర్ సలహాతో ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే కాంక్రీటును సులువుగా సాగేలా చేసే రసాయనం) కలిపించండి. వైబ్రేటర్ సూదిని నిలువుగా దించి, పది పదిహేను సెకన్లు ఉంచి, మెల్లగా తీయాలి. దాంతో కాంక్రీటును పక్కకు నెట్టకూడదు, కడ్డీలకు ఆనించకూడదు.

ఎన్ని బస్తాలు పడాలో ముందే లెక్కేసుకోండి. వెయ్యి చదరపు అడుగుల 5 అంగుళాల స్లాబ్ అంటే 417 ఘనపుటడుగులు, సుమారు 11.8 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 95 దాకా అవుతుంది. బీములు వేరే కలపాలి. సాయంత్రం ఖాళీ సంచులు లెక్కపెట్టండి. మధ్యలో అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల క్యూబులు (అచ్చులో పోసిన దిమ్మలు) కనీసం మూడు తీయించి, 28 రోజులకు పరీక్ష చేయించండి. ఏడో రోజుకే దాదాపు మూడింట రెండు వంతుల బలం రావాలి కనుక అప్పటికే ఒక అంచనా తెలుస్తుంది. దానికి విడిగా మరికొన్ని క్యూబులు తీయించాలి.

మర్నాడు పొద్దున్నే స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి, పది రోజులు తగ్గకుండా. పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడుపుతూ ఉండాలి. స్లాబ్ సపోర్టులు రెండు వారాల లోపు కదిలించనివ్వకండి. 20 అడుగులు దాటిన బీములకు మూడు వారాలు. షీట్లు ఇంకో సైటుకు కావాలని తొందరపెడతారు, ఒప్పుకోకండి.

ప్రశ్న: పని మధ్యలో వంటింటి కిటికీ జరిపించాం, ఒక అలమరా పెంచాం. ఇప్పుడు ‘ఎక్స్‌ట్రాలు’ అంటూ పెద్ద బిల్లు ఇచ్చారు.

జవాబు: చేసిన పనికి డబ్బు అడగడం న్యాయమే, రేటు ముందు చెప్పకపోవడమే తప్పు. ఇప్పుడైతే ఆ పనులు కొలిపించి, మొదటి ఒప్పందంలోని రేట్లతోనే లెక్క కట్టమనండి. కట్టకుండా మానిన పని ఉంటే దాని డబ్బు తగ్గించమనండి, బిల్లులో అది సాధారణంగా కనబడదు. ఇకమీద ఏ మార్పైనా చేసేముందే ఏం పని, ఎంత డబ్బు, ఎన్ని రోజులు ఎక్కువ అని మూడు ముక్కలు ఫోన్‌లో మెసేజ్‌గానైనా రాసి, ఆయన ‘సరే’ అన్నాకే మొదలుపెట్టించండి. మేస్త్రికి నేరుగా చెప్పి మార్పించడం మానేయండి.

ప్రశ్న: ప్లాస్టరింగ్ అయిన నెలకే పిల్లర్ పక్కన నిలువునా సన్నని పగుళ్లు వచ్చాయి. ‘అన్ని ఇళ్లకూ వస్తాయి’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: వస్తాయి, కానీ రానివ్వకుండా చేయవచ్చు. కాంక్రీటు, ఇటుక గోడ ఎండకూ చలికీ ఒకే రకంగా సాగవు, ముడుచుకోవు. ఆ రెండూ కలిసే గీత మీద ప్లాస్టరింగ్ చీలుతుంది. ప్లాస్టరింగ్‌కు ముందు అతుకుకు ఇరువైపులా నాలుగైదు అంగుళాలు వచ్చేలా మెష్ (వల లాంటి జాలీ) కొట్టి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఆ గీత వెంట చెక్కి, మెష్ వేసి మళ్లీ పూయించండి, ఖర్చు కాంట్రాక్టర్‌దే. కిటికీ మూలల నుంచి ఐమూలగా పోయే పగులు, కిందినుంచి పైకి వెడల్పయ్యే పగులు వేరు. అవి పునాది కుంగుబాటుకు గుర్తు కావచ్చు. పగులు రెండు కొనల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. నెలలో అది గీత దాటితే ఇంజినీర్‌ను పిలవండి, పూత వేయించి కప్పిపెట్టకండి.

ప్రశ్న: గోడల దాకా వచ్చాక కాంట్రాక్టర్ రావడం మానేశారు. వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చా?

జవాబు: ఇవ్వవచ్చు, ఒక వరసలో చేయండి. ముందు ఒప్పందం ప్రకారం గడువు పెట్టి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వండి. గడువు దాటాక ఇద్దరికీ సంబంధం లేని ఇంజినీర్ చేత అయిన పని కొలిపించి, ఫొటోలతో నివేదిక తీసుకోండి. పాత కాంట్రాక్టర్‌ను కూడా రమ్మని పిలవండి, రాకపోతే పిలిచిన ఆధారం ఉంచుకోండి. సైటులో ఉన్న సెంట్రింగ్ షీట్లు, మిక్సర్ ఆయనవి. వాటి జాబితా రాసి విడిగా పెట్టండి, వాడుకోకండి. ఈ కొలతలు లేకుండా కొత్తవాళ్లు చెయ్యి పెడితే, తర్వాత పాత లోపం ఎవరిదో తేలదు. ఆగిన పనిలో బయటకు నిలిచిన కడ్డీలకు సిమెంట్ పాలు పూయించండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తుప్పు, ఆ పూత వైరు బ్రష్‌తో గీకించాలి. కొత్త కాంట్రాక్టర్ కాస్త ఎక్కువ అడుగుతారు. మిగిలిపోయిన పని అందుకోవడం కష్టం కనుక ఆ మాత్రం ఇవ్వడం సబబే.

ప్రశ్న: చివరి వాయిదా ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: కొన్ని పరీక్షలు చివరిదాకా ఆగవు. బాత్రూమ్ పల్లపు స్లాబ్‌లో (పైపుల కోసం కిందికి దించి వేసినది) వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, నింపుడుకు ముందే 48 గంటలు నీళ్లు నిలిపి కింద చూడాలి. పైపుల ప్రెజర్ పరీక్ష టైల్స్‌కు ముందే జరగాలి. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ, పైపులు, వైరు గొట్టాలు కనబడేలా, పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. పదేళ్ల తర్వాత గోడకు మేకు కొట్టేటప్పుడు అది అక్కరకొస్తుంది.

అప్పగింత రోజున డాబా మీద నీళ్లు పోసి వాలు చూడండి, ఎనిమిది అడుగులకు ఒక అంగుళం ఉంటే చాలు. బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు గుమ్మరించి ఏ మూలనైనా నిలుస్తున్నాయేమో చూడండి. టైల్స్‌ను నాణెంతో తడితే డొల్ల శబ్దం వచ్చినవి గుర్తు పెట్టి మార్పించండి. కరెంటు బోర్డులో లీకేజి బ్రేకర్ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి, సింక్ కింద అరగంట తర్వాత చెయ్యి పెట్టి తడుముకోండి. లోపాలు జాబితా రాసి ఇద్దరూ సంతకం చేయండి, అవన్నీ సరిచేశాకే ఆ వాయిదా. ఏడాది తర్వాత ఇవ్వాలన్న ఆఖరి 5 శాతం మాత్రం, ఒక వానాకాలం కూడా గడిచేలా, అప్పటిదాకా మీ దగ్గరే ఉంచండి.